మూత్రంలో నెత్తురు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు

(పెరంబూరులో జరిగిన సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం. సభకు రాలేకపోయిన సభ్యుల కోరికపై ప్రచురిస్తున్నాం.)



సర్వసభ్య సమావేశం అంటే మనకు బోనస్సు, గ్రాట్యుటీ బకాయిలు, పింఛను. ఆ తీర్మానాలు మధ్యాహ్నం ఉన్నాయి. వాటికి ముందు ఒక జబ్బు గురించి మాట్లాడే పని కార్యవర్గం మాకు అప్పగించింది. మేము డాక్టర్లం కాము. బడి చదువుతో మిల్లులో చేరి, చేతి పనితో బతికినవాళ్ళం. అయినా ఈ మాట యూనియన్ వేదిక మీద నుంచే చెప్పాలి. ఎందుకంటే ఇది పనిచోటు నుంచి మన వెంట ఇంటికి వచ్చే జబ్బు. దాని పేరు మూత్రాశయ క్యాన్సర్. మూత్రాశయం అంటే పొత్తికడుపులో మూత్రం నిలిచే తిత్తి.

ఒక్క మాట ముందే చెబుతాం. మిగతాదంతా మరిచిపోయినా ఇది మరవకండి. మూత్రంలో నెత్తురు ఒక్కసారి కనిపించినా, నొప్పి లేకపోయినా, మర్నాటికి దానంతట అదే ఆగిపోయినా, వెంటనే ఆసుపత్రికి పోవాలి. పోయి, "నేను అద్దకం ఖాతాలో పని చేశాను" అని డాక్టరుకు మీరే చెప్పాలి.

ఈ మాట మేము ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నామో వినండి.

మన ఆఫీసుకు వచ్చిన ఫైలు

కొంతకాలం క్రితం మన సభ్యుని భార్య ఒక ప్లాస్టిక్ సంచిలో ఆసుపత్రి కాగితాలన్నీ పెట్టుకుని ఆఫీసుకు వచ్చారు. పేరు బయట పెట్టవద్దని ఆ వదినగారు కోరారు కనుక పేరు చెప్పడం లేదు. ఆ అన్న మిల్లులో పదకొండేళ్ళు అద్దకం ఖాతాలోనే చేశారు. రంగు పొడి డబ్బాలు విప్పడం, తూచడం, వేడినీళ్ళలో కలపడం, తొట్టిలో నూలు ముంచి తీయడం ఆయన పని. చేతులకు తొడుగులు లేవు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే అదే గొప్ప. సబ్బు పెట్టి ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. ఆ చేతులతోనే అన్నం తిన్నాం. ఆ చేతులతోనే బీడీ వెలిగించాం. అది ఆయన ఒక్కడి సంగతి కాదు, మనందరి సంగతీ అదే.

మిల్లు మూతపడింది. ఆయన ఆటో నడిపారు, తరువాత ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా చేశారు. అరవై ఏడో ఏట ఒకనాడు పొద్దున్నే మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. ఇంట్లో వాళ్ళు "వేడి చేసింది" అన్నారు. బార్లీ నీళ్ళు, కొబ్బరి నీళ్ళు, మజ్జిగ ఇచ్చారు. రెండు రోజుల్లో తగ్గింది. వేడి తగ్గిందని సంతోషించారు. నెల తరువాత మళ్ళీ వచ్చింది. వీధి చివరి క్లినిక్కులో రాయి ఉందేమో అని మాత్రలు రాశారు. మళ్ళీ ఆగింది. మూడోసారి ఇన్‌ఫెక్షన్ అని సూది మందులు ఇచ్చారు. ఇలా ఐదు నెలలు గడిచాయి. చివరికి నెత్తురు గడ్డలు అడ్డుపడి మూత్రం రాక అర్ధరాత్రి అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

ఐదు నెలల్లో ఎవరూ ఆయనను "మీరేం పని చేసేవారు?" అని అడగలేదు. ఆయనా చెప్పలేదు. మిల్లు మూతపడి ఇన్నేళ్ళయింది, దానికీ దీనికీ ఏం సంబంధం అనుకున్నారు.

ఆసుపత్రిలో గడ్డను గీకి తీసి పరీక్షకు పంపారు. రిపోర్టులో "స్మాల్ సెల్" అని వచ్చింది. స్మాల్ అంటే చిన్నది అని కొడుక్కు తెలుసు. చిన్న జబ్బే నాన్నా, భయం లేదు అన్నాడట. మైక్రోస్కోపులో కణాలు చిన్నవిగా కనిపిస్తాయి కనుక ఆ పేరు, అంతే. జబ్బు మాత్రం మూత్రాశయ క్యాన్సర్లలో అరుదైనది, మహా వేగంగా పాకేది. నూటికి ఒక్కరికి కూడా రాదు. వచ్చిన వారిలో చాలామందికి, కనుక్కునే సరికే గోడ దాటి పోయి ఉంటుంది.

వదినగారు మమ్మల్ని అడిగింది డబ్బు కాదు. "ఆ మొదటి రోజే పోయి ఉంటే బతికేవారా?" అని అడిగారు. దానికి మేము జవాబు చెప్పలేకపోయాం. ఐదు నెలల ఆలస్యం మాత్రం ఆ జబ్బుకే లాభం అని చెప్పగలం.

రంగు మూత్రాశయం దాకా ఎలా పోతుంది

రంగు పొడి ఊపిరితో పోతుంది, చర్మం గుండా పోతుంది, అన్నంతో పోతుంది. కొన్ని అజో రంగులు ఒంట్లోకి పోయాక విడిపోయి బెంజిడిన్ వంటి పదార్థాలు అవుతాయి. మన నలుపు అద్దకంలో వాడిన డైరెక్ట్ బ్లాక్ 38 అటువంటిది. ఒంట్లో చేరిన విషాన్ని మూత్రపిండాలు వడగట్టి మూత్రంలోకి పంపుతాయి. మూత్రం గంటల తరబడి ఆ తిత్తిలో నిలుస్తుంది. షిఫ్టులో బయటికి పోవడానికి మేస్త్రీ ఒప్పుకోక బిగబట్టుకున్న రోజులు మీకందరికీ గుర్తే. అంతసేపూ తిత్తి లోపలి పొర ఆ విషంలో నానుతుంది.

ఇది ఈనాడు కొత్తగా కనుక్కున్నది కాదు. 1895లోనే జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే సర్జన్, ఎర్ర రంగు తయారుచేసే పనిలో ఉన్న 45 మంది కార్మికులలో ముగ్గురికి మూత్రాశయంలో గడ్డలు వచ్చాయని సభలో చెప్పాడు. బ్రిటన్‌లో రంగుల ఫ్యాక్టరీల కార్మికుల రికార్డులన్నీ తిరగేసి 1954లో కేస్ అనే డాక్టరు, అతని సహచరులు లెక్కలు ప్రచురించారు. పనిలో చేరిన నాటికీ జబ్బు బయటపడిన నాటికీ మధ్య సగటున సుమారు 18 ఏళ్ళు పట్టింది. కొందరికి 40 ఏళ్ళు దాటాక కూడా వచ్చింది. బ్రిటన్ 1967లో ఆ పదార్థాల మీద నిషేధ నిబంధనలు తెచ్చింది. మన దేశంలో 1990లలో అహ్మదాబాదులో రంగుల కార్మికుల మూత్రం పరీక్షించి, అందులో బెంజిడిన్ జాడలు, మూత్రనాళపు కణాలలో దాని దెబ్బ ఉన్నాయని తేల్చారు.

మరి చట్టం ఎప్పుడు మేలుకుంది? జర్మనీ 1994లో ఇటువంటి రంగులతో అద్దిన బట్టలను నిషేధించింది. ఎగుమతులకు దెబ్బ తగులుతుందని ఇక్కడ గగ్గోలు పుట్టింది. బెంజిడిన్ ఆధారంగా చేసిన 42 రంగుల మీద అంతకు ముందే నిషేధం ఉన్నా, 70 అజో రంగుల మీద మన ప్రభుత్వం 1997 మార్చిలో నిషేధం పెట్టింది. బట్ట కట్టుకునేవాడి ఒంటికి ముప్పు అన్నాక ఆ రెండో నిషేధం వచ్చింది. ఆ బట్టకు రంగు అద్దినవాడి ఒంటి సంగతి 1895 నుంచి తెలుసు. రేన్ చెప్పిన నాటికీ మన నిషేధానికీ మధ్య దాదాపు నూరేళ్ళు ఉంది.

ఈ లెక్కలు మన మీద పెట్టి చూడండి. బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లులు 1996లో మూతపడ్డాయి. మద్రాసు మిల్లులన్నీ ఒకటొకటిగా పోయాయి. 1970లలో, 1980లలో రంగు తొట్ల దగ్గర నిలబడినవారు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్ళవారు. అంటే జబ్బు బయటపడే కాలం ఇదే. మిల్లు గేటుకు తాళం పడింది కానీ ఒంట్లో పడిన దెబ్బకు తాళం పడలేదు.

ఇక్కడ నిజం నిజంగా చెప్పాలి. ఒక్క మనిషి విషయంలో ఇది రంగు వల్లే వచ్చింది అని ఏ డాక్టరూ ప్రమాణం చేయలేడు. ఈ జబ్బుకు అన్నిటికన్నా పెద్ద కారణం పొగ. దాదాపు సగం కేసులకు బీడీ, సిగరెట్టే కారణం. ఆ అన్న కూడా బీడీ కాల్చేవారు. రంగుల్లో పని చేసి బీడీ కూడా కాలిస్తే రెండు ముప్పులూ కలుస్తాయి. యాజమాన్యాన్ని నిలదీసే మనం మన జేబులోని బీడీ కట్టను కూడా నిలదీయాలి.

పరీక్షలు: దేనికి భయపడనక్కర లేదు

నెత్తురు కనిపిస్తే అది క్యాన్సరే అని కాదు. రాయి కావచ్చు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు, మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి వాపు కావచ్చు. ఏదో తేల్చాలి, అంతే. ఆడవారిని మామూలు మూత్రపు మంట అని పదే పదే మాత్రలిచ్చి పంపేస్తుంటారు. ఈ జబ్బు మగవారిలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ అయినా, ఆడవారిలో ఆలస్యంగా బయటపడుతుంది. రీలింగులో, వైండింగులో చేసిన మన అక్కచెల్లెళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

మొదట మూత్ర పరీక్ష, అల్ట్రాసౌండ్ స్కాన్. స్కానులో ఏమీ లేదన్నా అక్కడితో ఆగవద్దు. చిన్న గడ్డలు, చదునుగా పాకేవి స్కానులో కనబడవు. అసలు పరీక్ష సిస్టోస్కోపీ. మూత్రద్వారం గుండా సన్నని గొట్టం పంపి, దాని చివరి దీపంతో తిత్తి లోపల చూస్తారు. సిగ్గు, భయం వల్ల చాలామంది మగవాళ్ళు దీనికే వెనకాడతారు. జెల్లీ మందు వేసి చేస్తారు, కొన్ని నిమిషాల పని. రెండు రోజులు కొంచెం మంట ఉంటుంది. అంతకుమించి ఏమీ లేదు.

గడ్డ కనబడితే నడుముకు మత్తు ఇచ్చి అదే దారిన గీకి తీస్తారు. పొట్ట కోయరు. ఆ ముక్కను పెథాలజీ డాక్టరు మైక్రోస్కోపులో చూసి రిపోర్టు ఇస్తారు. వైద్యమంతా ఈ కాగితం మీదే ఆధారపడుతుంది. అందుకే రిపోర్టు చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి: తీసిన ముక్కలో కండ పొర ఉందా? గడ్డ పైపొరలోనే ఉందా, కండలోకి దిగిందా అన్నది తెలియాలంటే ముక్కలో కండ ఉండాలి. లేకపోతే, లేదా గడ్డ ఉద్ధృతమైనదైతే, కొన్ని వారాల్లో రెండోసారి గీకుతారు. మొదటిసారి సరిగా చేయలేదని దానికి అర్థం కాదు.

రెండు: గ్రేడ్ ఏమిటి? తక్కువ గ్రేడ్ నెమ్మదైనది. ఎక్కువ గ్రేడ్ పరుగెత్తేది.

మూడు: రకం ఏమిటి? నూటికి తొంభైకి పైగా యూరోథీలియల్ అనే మామూలు రకమే. మిగిలిన కొద్దిలో స్మాల్ సెల్, స్క్వామస్ అనే అరుదైన రకాలు ఉన్నాయి; మైక్రోపాపిల్లరీ, ప్లాస్మాసైటాయిడ్ అనేవి యూరోథీలియల్‌లోనే అరుదైన ఉపరకాలు. ఇవి మామూలు రకంతో కలిసి కూడా ఉండవచ్చు. గుర్తుపట్టడం కష్టం. అనుమానం ఉంటే ప్రత్యేక రంగు పరీక్షలు చేస్తారు. ఆ ముక్కలు, గాజు పలకలు మీవి. వాటిని తీసుకుపోయి పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో ఇంకోసారి చూపించుకునే హక్కు మీకు ఉంది. దానికి డాక్టర్లు కోపగించుకోరు, కోపగించుకున్నా ఫరవాలేదు.

తరువాత ఛాతీకి, కడుపుకు సీటీ స్కాన్. ఎక్కడికైనా పాకిందా అని చూడడానికి.

వైద్యం: రకాన్ని బట్టి మారుతుంది

కనుక్కున్నవారిలో నూటికి డెబ్బై మందికి పైగా జబ్బు పైపొరలోనే ఉంటుంది. ఇది మంచి వార్త. గీకి తీశాక, ఉద్ధృతమైనదైతే తిత్తి లోపలికి బీసీజీ మందు ఎక్కిస్తారు. అవును, పసిపిల్లల భుజానికి క్షయ రాకుండా వేసే ఆ బీసీజీనే. దాన్ని తిత్తిలో వేస్తే ఒంటి రక్షణ శక్తి మేలుకుని క్యాన్సర్ కణాల మీద పడుతుంది. 1976లో కెనడాలో మొరాలెస్ అనే డాక్టరు మొదట దీని ఫలితాలు ప్రచురించాడు. మన గిండీలో 1948లో పెట్టిన బీసీజీ వ్యాక్సిన్ లేబొరేటరీ ఈ జబ్బుకు వాడే బీసీజీని కూడా తయారు చేసిన సంస్థ. వారానికి ఒకసారి చొప్పున ఆరు వారాలు వేస్తారు. మందు వేశాక రెండు గంటలు బిగబట్టాలి. తరువాత ఒకటి నుంచి మూడేళ్ళ దాకా అప్పుడప్పుడు వేస్తారు. మూడు నెలలకోసారి సిస్టోస్కోపీ చేసి చూస్తారు. ఈ జబ్బు తిరిగి తిరిగి వచ్చే రకం కనుక "బాగానే ఉన్నాను కదా" అని మానేయకూడదు.

ఆ అన్న సంగతి విన్నాక మన ఇంకో సభ్యుడు, వ్యాసర్పాడి తమ్ముడు, ఒక్కసారి ఎరుపు కనబడగానే ఆసుపత్రికి పరుగెత్తాడు. గడ్డ ఎక్కువ గ్రేడుదే, కానీ పైపొరలోనే దొరికింది. బీసీజీ వేయించుకున్నాడు. బీడీ మానేశాడు. మూడేళ్ళయింది. ఈ రోజు సభకు బల్లలు మోసింది అతనే.

జబ్బు కండలోకి దిగితే వైద్యం పెద్దది. ముందు కీమోథెరపీ ఇచ్చి, తరువాత తిత్తిని పూర్తిగా తీసివేసే ఆపరేషన్ చేస్తారు. కొందరికి తిత్తి తీయకుండా కీమోతో పాటు రేడియేషన్ ఇస్తారు. కీమోలో ముఖ్యమైన మందు సిస్‌ప్లాటిన్. దానికి మూత్రపిండాలు బాగుండాలి. అందుకే క్రియాటినిన్ పరీక్ష చేస్తారు. గడ్డ అడ్డుపడి మూత్రపిండం వాచి ఉంటే ముందు వీపు వైపు నుంచి గొట్టం వేసి దాన్ని కాపాడతారు.

తిత్తి తీసేస్తే ఎలా బతకడం అని అడుగుతారు. చిన్నపేగు ముక్కతో దారి చేసి, పొట్ట మీద అతికించిన సంచిలోకి మూత్రం వచ్చేలా చేస్తారు. కొందరికి పేగుతోనే లోపల కొత్త తిత్తి కుడతారు. సంచి పెట్టుకున్నవాళ్ళు చొక్కా కింద అది కనబడకుండా బస్సెక్కుతున్నారు, పెళ్ళిళ్ళకు పోతున్నారు. సిగ్గుపడి ఆపరేషన్ వద్దన్నవారిని మేము పోగొట్టుకున్నాం. సంచి ఉన్న మనిషి పక్కన కూర్చుని అన్నం తినడం మన బాధ్యత. ఈ జబ్బు అంటుకునేది కాదు.

ఇక అరుదైన రకాల దగ్గరకు వద్దాం. అన్నిటికీ ఒకే వైద్యం అనుకోకూడదు. స్మాల్ సెల్ అయితే, గడ్డ చిన్నదిగా కనిపించినా ఒంట్లో ఇంకెక్కడో కణాలు చేరి ఉంటాయని భావించి ముందు కీమో మొదలుపెడతారు. సాధారణంగా సిస్‌ప్లాటిన్, ఎటోపోసైడ్ కలిపి మూడు వారాలకోసారి నాలుగు విడతలో, ఆపైనో ఇస్తారు. ఆ తరువాతే ఆపరేషనో రేడియేషనో. దీనికి బీసీజీ పనికిరాదు. మైక్రోపాపిల్లరీ రకం పైపొరలో ఉన్నా బీసీజీకి లొంగకపోవచ్చు. తిత్తిని తొందరగా తీసేయడం మంచిదా అని డాక్టర్లు ఆలోచిస్తారు. స్క్వామస్ రకానికి కీమో అంతగా పని చేయదు, ఆపరేషనే ముఖ్యం. ప్లాస్మాసైటాయిడ్ రకం కడుపు లోపలి పొరల వెంట పాకుతుంది. ఇప్పుడు ఇమ్యునోథెరపీ అనే కొత్త మందులు కూడా వచ్చాయి. వాటి ఖర్చు లక్షల్లో ఉంటుంది. అప్పు చేసే ముందు, తనకు అది నిజంగా అవసరమా, పథకంలో వస్తుందా అని అడగాలి.

ఆ అన్నకు నాలుగు విడతల కీమో ఇచ్చారు. గడ్డ బాగా కరిగింది. రేడియేషన్ ఇచ్చారు. దాదాపు ఒక ఏడాది బాగా తిరిగారు. మనుమరాలిని బడికి తీసుకుపోయేవారు. తరువాత కాలేయంలో బయటపడింది. ఆఖరి నెలల్లో నొప్పి తెలియకుండా మార్ఫిన్ మాత్రలు ఇచ్చారు. నొప్పితో అరవకుండా, ఇంట్లో, అందరి మధ్య పోయారు. వైద్యం అంటే నయం చేయడం ఒక్కటే కాదు, నొప్పి తీయడం కూడా. అది కూడా అడిగి తీసుకోవలసిన హక్కే.

ఎక్కడికి పోవాలి, డబ్బు ఎలా

ఉత్తర చెన్నై వారికి స్టాన్లీ, కీల్పాక్ ఆసుపత్రులు, సెంట్రల్ ఎదుట రాజీవ్ గాంధీ జనరల్ ఆసుపత్రి ఉన్నాయి. మూడింటిలోనూ యూరాలజీ విభాగం ఉంది. అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. చెల్లెలిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుబట్టి 1954లో ప్రారంభించిన ఆసుపత్రి అది. డాక్టర్ శాంత 2021లో కన్నుమూసే దాకా అక్కడే సేవ చేశారు. నగరి, పుత్తూరు వైపు మగ్గాలకు, అద్దకాలకు తిరిగి పోయినవారికి తిరుపతిలో స్విమ్స్ దగ్గర.

తమిళనాడు రేషన్ కార్డు ఉన్నవారు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా కార్డు తీసుకోండి. కుటుంబానికి ఏటా 5 లక్షల దాకా వస్తుంది. జబ్బు వచ్చాక పరుగెత్తడం కాదు, ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఆంధ్ర కార్డు ఉన్నవారికి అక్కడి ఎన్.టి.ఆర్. వైద్య సేవ ఉంది.

ఈఎస్ఐ ఉన్నవారికి క్యాన్సర్‌కు, చందా షరతులు పూర్తి చేసి ఉంటే, జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా పొడిగించిన జబ్బు భత్యం వస్తుంది. కనీసం ఐదేళ్ళు ఈఎస్ఐలో ఉండి రిటైరైనవారు, విఆర్ఎస్ తీసుకున్నవారు, నెలకు 10 రూపాయల చొప్పున ఏడాదికి 120 కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం దొరుకుతుంది. ఒక ప్లేటు ఇడ్లీ ధరకన్నా తక్కువ. మనలో ఎంతమంది కట్టారు? చేతులెత్తండి అంటే ఇంతకు ముందు సభలో నలుగురే ఎత్తారు.

కాగితం లేని కార్మికుడు

ఇప్పుడు యూనియన్ పని చెబుతాం. మూత్రాశయ క్యాన్సర్ వృత్తి రోగాల జాబితాలో ఉంది. 1923 నష్టపరిహారం చట్టం మూడో షెడ్యూలులో ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ షెడ్యూలులోకీ ఆ జాబితా వచ్చింది. పనిలో ఉండగా జబ్బు వస్తే, ఆ పనిలో వరుసగా ఆరు నెలలు చేసి ఉంటే చాలు, చట్టం అది పని వల్ల వచ్చినట్టే భావిస్తుంది. కాదని యజమాని రుజువు చేయాలి. పని మానేశాక వస్తే మాత్రం అది పని వల్లే వచ్చిందని మనమే రుజువు చేయాలి. ముప్పై ఏళ్ళకు బయటపడే జబ్బుకు ఈ నియమం ఎవరికి అనుకూలమో మీరే ఆలోచించండి.

ఆ వదినగారి తరఫున మేము అర్జీ తయారు చేయబోయాం. ఆయన సర్వీసు కాగితంలో "జనరల్ వర్కర్" అని మాత్రమే ఉంది. అద్దకం అన్న మాట ఒక్క కాగితంలో కూడా లేదు. మిల్లు రికార్డులు ఎక్కడున్నాయో చెప్పేవారు లేరు. పక్క తొట్టి దగ్గర నిలబడినవారిలో ఇద్దరు పోయారు, ఒకరు ఊరు విడిచి పోయారు. పదకొండేళ్ళ చాకిరీకి సాక్ష్యం ఆయన గోళ్ళ నలుపే. అది కూడా ఆయనతోనే కాలిపోయింది. ఆసుపత్రి కేసు షీటులో కూడా వృత్తి అన్నచోట "వాచ్‌మన్" అని రాసి ఉంది.

అందుకని ఈ రోజు బల్ల మీద పెట్టిన ఫారాలు తీసుకోండి. పేరు, టోకెన్ నంబరు, ఏ ఖాతాలో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ రంగులు, ఎవరి పక్కన పని చేశారు, అన్నీ రాయండి. రాయలేనివారికి మన కుర్రవాళ్ళు రాసిపెడతారు. ఇద్దరు తోటి కార్మికులు సాక్షి సంతకం పెట్టాలి. పాత గేటు పాసు, ఈఎస్ఐ కార్డు, జీతం చీటీ ఏది ఉన్నా నకలు జతచేయండి. ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి ఆఫీసులో. ఆసుపత్రికి పోయినప్పుడు ఆ కాగితం చూపించి కేసు షీటులో "అద్దకం కార్మికుడు, ఇన్నేళ్ళు" అని రాయించండి.

ఇప్పుడు పనిలో ఉన్న బిడ్డలకు రెండు మాటలు. రంగు డబ్బా మీద పేరు, నంబరు చూడకుండా మూత తీయవద్దు. పేరు లేని పొట్లాల రంగు వచ్చిందంటే సంఘానికి చెప్పండి. తొడుగులు, ముక్కు కవచం అడగండి. చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టవద్దు. టైము లేదంటే టైము అడగండి. 1918 ఏప్రిల్ 27న బి.పి. వాడియా అధ్యక్షతన, సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు గార్ల పూనికతో ఇదే పెరంబూరు మిల్లు కార్మికులు మద్రాసు లేబర్ యూనియన్ పెట్టినప్పుడు, వారి మొదటి ఫిర్యాదుల్లో ఒకటి మధ్యాహ్నం అన్నానికి అరగంట చాలడం లేదన్నదే. అన్నం తినడానికి, దానికి ముందు చేయి కడగడానికి సమయం అడగడం మన ఉద్యమమంత పాతది.

కార్యవర్గం మీ ముందు పెడుతున్న తీర్మానాలు ఇవి:

1. కొత్త కోడ్ ప్రకారం నలభై ఏళ్ళు దాటిన కార్మికులకు ఏటా చేయవలసిన ఉచిత ఆరోగ్య పరీక్షలో, అద్దకం, ప్రింటింగ్ కార్మికులకు మూత్రంలో నెత్తురు, కణాల పరీక్ష చేర్చాలి.

2. మూతపడిన మిల్లుల అద్దకం ఖాతాల మాజీ కార్మికులకు ఈఎస్ఐ ఆసుపత్రులలో ఏటా ఈ పరీక్ష ఉచితంగా చేయాలి.

3. మిల్లు రికార్డులు లేనిచోట తోటి కార్మికుల ప్రమాణ పత్రాన్ని సాక్ష్యంగా అంగీకరించాలి.

4. ప్రతి ఆసుపత్రి కేసు షీటులో రోగి ఇప్పటి పనితో పాటు పాత పని కూడా రాయాలి.

సోదరులారా! ఆ వదినగారు ఈ సభలోనే వెనుక వరుసలో కూర్చున్నారు. ఫారాల బల్ల దగ్గర మొదటి పెన్ను పట్టుకుని రాసిపెట్టేది ఆమె మనుమరాలే. ఇంటికి పోయాక మీ వీధిలో, మీ పక్క ఇంట్లో అద్దకం చేసిన మనిషి ఎవరున్నారో చూడండి. ఆయనను ఒక్క మాట అడగండి: "అన్నా, నీకెప్పుడైనా మూత్రంలో ఎరుపు కనబడిందా?" అడగడానికి సిగ్గుపడకండి. చెప్పడానికి వాళ్ళను సిగ్గుపడనివ్వకండి.

కార్మికుల ఆరోగ్యం కార్మికుల హక్కు!
కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!